శీతనగరమును శీతకాలముననే చూడవలెను

ఐరోపాయాత్ర యనగానే మనవారు పిల్లల వేసవిసెలవులు లెక్కచూచుకొని, మే జూన్ మాసములలో విమానమెక్కి, పారిసును, రోమును, స్విట్జర్లాండు కొండలను ఒక్క ఊపున చుట్టివచ్చుట పరిపాటియైనది. దక్షిణభాగమునకు ఆ పద్ధతి చెల్లునేమో గాని, సముద్రము గడ్డకట్టు అక్షాంశములలోని రాజధానులను ఎండకాలమున చూచి, చూచితిమని చెప్పుకొనుట నాకు సమ్మతము గాదు. చలితోను చీకటితోను కాపురము చేయు జనులు తమ యూరిని ఏ యవసరమునకై ఎట్లు కట్టుకొనిరో తెలియవలెనన్న, ఆ చలియు చీకటియు నున్నప్పుడే పోవలెను. ఫిన్లాండు రాజధానియైన హెల్సింకియే నా మాటకు నిదర్శనము.

అరువది డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్న యీ నగరమున డిసెంబరు మూడవవారమున సూర్యుడు రమారమి తొమ్మిదిన్నరకు ఉదయించి, మూడుంబావుకెల్ల అస్తమించును. పగలు ఆరుగంటలైన నిండదు. మధ్యాహ్నమున సైతము ఆయన దిగంతమునకు ఆరేడు డిగ్రీలకు మించి లేవడు గనుక, ఆకాశము నిర్మలముగా నున్న దినమున పండ్రెండుగంటలకును సంజవెలుగే కనబడును. ఇది లోపమని వగచువారు సెనేటుచౌకము నడుమ ఒక్క అరగంట నిలువవలెను. 1812లో రష్యాచక్రవర్తి అలెగ్జాండరు ఈ చిన్న రేవుపట్టణమును రాజధానిగా జేసిన పిదప, జర్మను వాస్తుశిల్పి కార్ల్ లుడ్విగ్ ఎంగెల్ అచ్చట నిర్మించిన లేతపసుపు భవనములును, ఆయన మరణానంతరము 1852లో పూర్తియైన తెల్లని ప్రధానాలయమును, ఏటవాలుగా వచ్చు వెలుగు పైనుండియు, మంచుమీద ప్రతిఫలించిన వెలుగు క్రిందినుండియు సోకగా ప్రకాశించునట్లు, జూలైమాసపు చదునైన ఎండలో ప్రకాశింపవు. డిసెంబరు 6 స్వాతంత్ర్యదినము. నాటి సాయంకాలము ఆరుగంటలకు కిటికీలలో రెండేసి క్రొవ్వొత్తులు వెలుగును, విద్యార్థులు దివిటీలు చేతబట్టి ఈ చౌకమునకే ఊరేగింపుగా వత్తురు. వేసవిరాత్రులలో చీకటియే సరిగా పడని యా యూర ఈ యుత్సవమునకు తగిన ఋతువు మరియొకటి లేదు.

హోటలుగది, భోజనము, తుదకు కప్పు కాఫీయు మన లెక్కకు మిక్కిలి ప్రియము. అయినను ఆ చలికాలమున అనుభవింపదగిన ఉత్తమవస్తువులలో పెక్కు ఊరుమ్మడి సొత్తు; యాత్రికుడు అచ్చట పొందదగిన యానందమునకు మూలము మంచు గాదు, ఇదియే యని నా యభిప్రాయము. బయట నిలిచిన ప్రాణమునకే ముప్పైనచోట, వెచ్చని కప్పు ధనికుల హక్కై యుండిన ఊరు నిలువదు. అందుచేతనే వీధులక్రింది గొట్టములలో వేడినీరు ప్రవహించి నగరములోని అత్యధిక గృహములను వెచ్చజేయుచున్నది. అందుచేతనే, రైలుస్టేషనునుండి కొలదిదూరము నడచినంతనే, ఓడి యను కేంద్రగ్రంథాలయము కలదు. స్వాతంత్ర్యశతాబ్దికి కానుకగా సంకల్పింపబడి, 2018 డిసెంబరు 5వ తేదీన తెరువబడిన యా భవనము పార్లమెంటునకు అభిముఖముగా నిలిచియున్నది. లోనికి పోవువానిని నీవెవడవని అడుగువారుగాని, రుసుము పుచ్చుకొనువారుగాని లేరు. క్రింద సినిమాశాల, మధ్య అంతస్తున కుట్టుమిషనులు, త్రీడీ ప్రింటరులు, సంగీతము రికార్డుచేసికొను గదులు, పై అంతస్తున అలలు దేలిన తెల్లని కప్పుక్రింద సుమారు లక్ష గ్రంథములు, వాని నడుమ నేలమీద ప్రాకులాడు పసివాండ్రు. బయట మంచు కురియుచుండగా ఆ కిటికీకడ కూర్చుండి గడపిన పూట ఏ మ్యూజియమునకును తీసిపోదు. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయసెస్సు క్రమము తప్పక చెల్లించుచున్న మనవారు దానిని చూచి కొంత యసూయపడుట న్యాయమే.

ఇక సౌనా, అనగా ఆవిరిస్నానశాల. ఏబదియైదు లక్షల జనాభాగల దేశమున ముప్పదిలక్షల సౌనాలున్నవని అంచనా; 2020లో యునెస్కో ఈ ఆచారమును మానవజాతి అమూర్తవారసత్వములలో చేర్చినది. హోటలులోని చిన్న విద్యుత్తుగదిని చూచి తృప్తిపడరాదు. కల్లియో పేటలో 1928నుండి కట్టెలతో కాచుచున్న కోటిహర్యు వంటి పేటసౌనాకు పోవలెను. ఇంట స్నానపుగది లేని శ్రామికజనమునకై వెలసిన యీ స్నానశాలలలో, ఎనుబది తొంబది డిగ్రీల వేడిలో చెక్కమెట్లమీద కూర్చుండి, కాగిన రాళ్ళపై నీరు చల్లి, ఆవిరి వీపుమీదికి దిగుచుండగా ముక్కుమొగ మెరుగనివారు మెల్లగా మాటాడుకొందురు, లేదా మాటాడకుందురు. పిదప తువాలు చుట్టుకొని, పొగలు గ్రక్కు మేనులతో, మంచుపడిన వీధిలోనికి వచ్చి చల్లారుదురు. స్త్రీలకు వేరు, పురుషులకు వేరు గదులు. లోపల వస్త్రము ధరింపరు. అందుకు మనసొప్పనివారికి సముద్రతీరమున 2016లో వెలసిన ల్యోయ్‌లు కలదు. అచ్చట ఈతదుస్తులు ధరించి స్త్రీపురుషులు కలసియే కూర్చుందురు, సాహసముగలవారు మెట్లు దిగి సముద్రమున మునుగుదురు. కార్తికమాసమున తెల్లవారుజామున కాలువలో మునిగిన అమ్మమ్మల మనుమలము. మనకు ఇది బొత్తిగా వింత గారాదు. గుండెజబ్బున్నవారు మాత్రము వైద్యు నడుగక ఆ పని పెట్టుకొనరాదు.

సముద్రమన్న జ్ఞప్తికి వచ్చినది. ఫిన్లాండు సింధుశాఖనీటిలో లవణాంశము స్వల్పము. కావున త్వరగా గడ్డకట్టును. 1748లో స్వీడనువారు ఆరంభించిన సువోమెన్‌లిన్న దీవికోటలో నేటికిని సుమారు ఎనిమిదివందలమంది నివసించుచుండుటచే, సంతచౌకమునుండి పడవ శీతకాలమంతయు నడచును. ట్రామునకు కొన్న నగరపు టిక్కెట్టే దానికిని చెల్లును. పావుగంట ప్రయాణము. పడవ అడుగున మంచుపలకలు ఫెళఫెళ విరుగు ధ్వని వినుచు, పాలు కొనితెచ్చుకొనుచున్న దీవివాసుల ప్రక్కన నిలిచి పోవుట విహారనౌకలలో దొరకు సుఖము గాదు.

మంచు తప్పక కురియునని నమ్మి డిసెంబరులో పోవువారు ఒక్కొక్కప్పుడు వానలో తడిసిన బురదవీధులను చూచి వత్తురు. కొలువులకును చదువులకును అచ్చట చేరిన మన తెలుగు యువకులను అడిగినను ఇదియే చెప్పుదురు. నా యోటు ఫిబ్రవరికే: మంచు నిలుచుటకు అవకాశ మెక్కువ, మాసాంతమునకు పగలు పదిగంటలు దాటును. ఒక్క దళసరి కోటును నమ్ముకొనక పొరలుపొరలుగా ఉన్ని ధరించి, అడుగు జారని జోడు తొడిగికొని, రోజునకు రెండుచోట్లకు మించి పెట్టుకొనక తిరుగవలెను. ఆ మాసమున మిఠాయిపర్వములును రెండు కలవు. ఫిబ్రవరి 5 జాతీయకవి రూనెబెర్గు జన్మదినము. పైన కోరిందపండ్ల జాము నుంచిన ఆయన పేరిటి బాదము కేకులు జనవరినుండియే అంగళ్ళలో నిండియుండును. అవి తగ్గుముఖము పట్టు వేళకు మీగడ నింపిన లస్కియైస్ బన్నులు వచ్చును. ఆ మీగడక్రింద బాదముముద్ద యుండవలెనా, పండ్లజాము ఉండవలెనా యను వివాదము ఆ దేశమున ఏటేట రేగుచునే యున్నది. నేను జాము పక్షము.