లైట్లకు నల్లకళ్ళద్దాలు

కారు లైట్లకు రంగు ఫిల్మ్ అంటించుకోవడం మీద సావనీరులో వ్యాసమేమిటి, ఇంకేమీ దొరకలేదా అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. సాయంత్రం ఆరున్నర తర్వాత హిందూపురం నుంచి సోమందేపల్లి మీదుగా పెనుకొండ దాకా ఒకసారి టూవీలర్ మీద వచ్చి, ఆ తర్వాత నవ్వండి.

ఇది పెద్ద పనేమీ కాదు. స్పేర్ పార్టుల అంగట్లో మీటరు లెక్కన ఫిల్మ్ కొనుక్కొచ్చి, లైటును శుభ్రంగా కడిగి, సబ్బునీళ్ళు చల్లి, ఫిల్మ్ పరిచి, అక్కయ్య హెయిర్ డ్రయర్‌తో వేడిచేస్తూ లాగి, పాత ఏటీఎం కార్డుతో నీళ్ళు నెట్టేసి, అంచులు బ్లేడుతో కోసేస్తే అయిపోయింది. ఆదివారం పూట ఇంటి ముందరే చేసుకోవచ్చు. నలుపైతే ‘స్మోక్’ అంటారు. పసుపు, నీలం కూడా ఉన్నాయి. ఎందుకప్పా అంటే ‘లుక్కు’ అంటారు. లుక్కు వచ్చిన మాట నిజమే, కాదనను. పోయిందేమిటో లెక్క వేద్దాం.

మన ఫిజిక్సు ల్యాబులో విలోమ వర్గ నియమం అందరం చేశాం, రికార్డులో అందంగా రాసి సంతకం కూడా పెట్టించుకున్నాం. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతు. దాన్నే తిప్పి చూడండి. హెడ్‌లైటు మీద సగం కాంతిని మింగే ఫిల్మ్ వేస్తే, 100 మీటర్ల దూరాన పడే వెలుతురు ఇక 70 మీటర్ల దగ్గరే పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మనిషి చూసి, కాలు బ్రేకు మీదికి వచ్చేటప్పటికి ఒకటిన్నర సెకను, అంటే 33 మీటర్లు. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో బండి ఆగడానికి ఇంకో 36. మొత్తం 69. అంతకు ముందు 31 మీటర్లు చేతిలో ఉండేవి. ఇప్పుడు ఒక్క మీటరు మిగిలింది.

వెనక లైటు సంగతి ఇంకా అన్యాయం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 105వది వెనక ఎర్రలైటు 155 మీటర్ల దూరానికి కనబడాలంటుంది. నాలుగో వంతు కాంతినే బయటికి వదిలే స్మోక్ ఫిల్మ్ వేస్తే, అంతే అవసరానికి చేసిన లైటు 78 మీటర్లకే కనబడుతుంది. చాలా కార్లలో ఆ లైటులోనే రిఫ్లెక్టరు కూడా ఉంటుంది. బ్యాటరీ దిగిపోయి బండి రోడ్డు పక్కన నిలబడిపోతే దిక్కు అదొక్కటే. వెనక వచ్చేవాడి వెలుతురు ఫిల్మ్ గుండా లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి దాటాలి. నాలుగో వంతులో నాలుగో వంతు, అంటే పదహారో వంతు! ఫిల్మ్ అంటించేవాళ్ళెవరూ ఈ సంగతి తలచుకోరు.

టాక్సీ తోలే మా పెదనాయన కొడుకు, ‘వెనకొచ్చేవానికి వాని లైట్లు వానికుంటాయి గదరా, నా లైటుతో వానికేం పని?’ అన్నాడు. ‘అన్నా, మరి మిట్టమధ్యాహ్నం నువ్వు బ్రేకు తొక్కితే?’ అన్నాను. మన సీమ ఎండలో మంచి బ్రేకులైటే వెలిగిందా లేదా అని కళ్ళు చికిలించి చూడాలి. దానికి నల్లకళ్ళద్దాలు తొడిగితే ఇంకేముంది? అన్న మాట మార్చి కాఫీ తెమ్మన్నాడు.

2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కారు అద్దాల మీద నల్ల ఫిల్మ్‌ను నిషేధించినప్పుడు దేశమంతా పోలీసులు బళ్ళు ఆపి ఫిల్ములు పీకించారు. అద్దం నల్లబడితే ముందుగా చూపు తగ్గేది లోపల కూర్చున్నవాడికి. లైటు నల్లబడితే నష్టం రోడ్డు మీద ఉన్న మిగతా వాళ్ళందరికీ. నా దృష్టిలో రెండోదే పెద్ద తప్పు, అయినా దాన్ని అడిగేవాళ్ళు తక్కువ.

ఎవరా మిగతా వాళ్ళు? పాత ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగుళూరుకు పోయేవాళ్ళే కాదు. హిందూపురం మార్కెట్టుకు తెల్లవారకముందే పట్టుగూళ్ళ మూటలు టూవీలర్ వెనక కట్టుకొని పోయే రైతులున్నారు. రాత్రి కరెంటొస్తే మోటారు వేయడానికి టార్చి పట్టుకొని నడిచేవాళ్ళున్నారు. ధర్మవరంలో చీర అప్పజెప్పి పొద్దుపోయి ఊరికి తిరిగొచ్చే నేతగాళ్ళున్నారు. ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కర్మాగారంలో రాత్రి షిఫ్టు దిగే మన ఈడు పిల్లలున్నారు.

అయితే రైతుబిడ్డనై ఉండి కార్లవాళ్ళనే అంటే న్యాయం కాదు. చెనక్కాయ కట్టె ఆకాశమంత ఎత్తు వేసుకొని, వెనక మిణుగురు పురుగంత వెలుతురైనా లేకుండా పోయే ట్రాక్టరు ట్రాలీలు మనవే. మా నాయన నడిగితే, ‘లైటు బిగిస్తే ఒక కోతకాలం నిలవదురా, కట్టె తగిలి పగిలిపోతుంది’ అంటాడు. ఆ మాటలో నిజముంది. కానీ ఎర్రగా మెరిసే రిఫ్లెక్టరు టేపు పగలదు గదా! ఫిల్ముకు పెట్టే డబ్బులు టేపుకు పెడితే ట్రాలీ వెనకా, సైకిలు మడ్‌గార్డుకూ, ఎద్దుల బండికీ కూడా సరిపోతుంది.

పసుపు ఫిల్మ్ వాళ్ళు ఫ్రాన్సు పేరు చెబుతారు. నిజమే, అక్కడ 1936 నుంచి 1993 దాకా పసుపు హెడ్‌లైట్లే ఉండేవి, తర్వాత వాళ్ళే ఆ పద్ధతి వదిలేశారు. మంచులో పసుపు బాగా దూసుకుపోతుందనే మాట కూడా అంత నిలవదు. మంచు బిందువు కాంతి తరంగం కంటే చాలా పెద్దది, అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. ఎదుటివాడి కళ్ళు చెదరకుండా ఉండాలంటే స్టీరింగు పక్కనే డిప్పర్ ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. 1971 యుద్ధం నాటి బ్లాకౌట్‌లో హెడ్‌లైట్ల పైసగానికి నల్లరంగు పూసేవారని పెద్దలు చెబుతారు. అప్పుడు ఆకాశంలో శత్రు విమానాల భయం. ఇప్పుడు మనమెవరికి కనబడకూడదని?

యూనియన్‌కు నా విన్నపం ఒక్కటే. కాలేజీ డే నాడు మైకు సెట్టుకు పెట్టే ఖర్చులో కొంచెం తగ్గించి నాలుగు చుట్టలు రిఫ్లెక్టరు టేపు కొనండి. ఎన్.ఎస్.ఎస్. మిత్రులతో సంత రోజున ట్రాలీలకు అంటిద్దాం. అదే రోజు గేటు దగ్గర ఒక హెయిర్ డ్రయర్ కూడా పెట్టండి. ఫిల్మ్ తీసేయడం అంటించడం కంటే తేలిక. అంచు వేడి చేసి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. మిగిలిన జిగురును గోరువెచ్చని సబ్బునీళ్ళతో, మెత్తటి గుడ్డతో తుడవాలి. పెట్రోలు, థిన్నరు మాత్రం పొయ్యకండప్పా, లైటు పైకప్పు పాలికార్బొనేటు, మసకబారి పగుళ్ళిస్తుంది.