వినికిడికి 30, చదువుకు 50: చైనా ఇంగ్లిషు పరీక్ష మన బడులకు చెప్పేదేమిటి?

ఏటా జూన్ 7, 8 తేదీలు వచ్చాయంటే చైనా దేశమంతా ఒకే పరీక్ష చుట్టూ తిరుగుతుంది. గావ్‌కావ్ అని పిలిచే ఆ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు 2024లో కోటీ 34 లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. మిగతా సబ్జెక్టులకు పదిహేను నిమిషాలు ఆలస్యమైనా హాల్లోకి రానిస్తారు. ఇంగ్లిషు పేపరు సంగతి వేరు. గంట కొట్టడానికి పదిహేను నిమిషాల ముందే ఎవరినీ రానివ్వరు. ఎందుకంటే ఆ పేపరు చాలాచోట్ల చెవులతో మొదలవుతుంది. మొదటి ఇరవై నిమిషాలు స్పీకరులో వచ్చే మాటలు విని జవాబులు గుర్తించాలి. ఆ సమయంలో పరీక్షా కేంద్రాల చుట్టుపక్కల హారన్లు కొట్టొద్దంటారు, కట్టడాల పనులు ఆపిస్తారు.

మన పేజీలో చైనా ఊసు ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. కారణం ఉంది. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, సోలాపూర్‌లోనైనా తెలుగు బడి గుమ్మంలో తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇక్కడ చదివితే పిల్లాడికి ఇంగ్లిషు వస్తుందా మాస్టారూ?" చైనాలో కోట్లాది పిల్లలు లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నీ చైనీసులోనే చదువుతారు. ఇంగ్లిషు వాళ్ళకు ఒక సబ్జెక్టు మాత్రమే. ఆ ఒక్క సబ్జెక్టునూ వాళ్ళు ఎలా పరీక్షిస్తున్నారు, అందులో ఏది ఫలించింది, ఏది బెడిసికొట్టింది అన్నది మనకు నేరుగా పనికొచ్చే విషయం.

మార్కుల లెక్క

గావ్‌కావ్‌లో చైనీసుకు 150, గణితానికి 150, విదేశీ భాషకు 150 మార్కులు. మొత్తం 750లో ఇది ఐదో వంతు. విదేశీ భాషగా రష్యన్, జపనీస్, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ కూడా తీసుకోవచ్చు గానీ ఎక్కువమంది రాసేది ఇంగ్లిషే. దేశంలో చాలా ప్రావిన్సులు ఇప్పుడు వాడుతున్న కొత్త తరహా పేపరులో వినికిడికి 30, చదివి అర్థం చేసుకోవడానికి 50, పదాల, వ్యాకరణ వాడకానికి 30, రాతకు 40 మార్కులు. అంటే సగానికి పైగా మార్కులు విన్నది, చదివినది అర్థమైందా లేదా అన్న దానిమీదే ఉన్నాయి.

వినికిడిలో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటిన్నర మార్కు. మొదటి ఐదూ చిన్న సంభాషణలు. ఒక్కసారే వినిపిస్తారు. తర్వాతి పదిహేను ప్రశ్నలు కొంచెం పొడవైన సంభాషణల మీదా, ఒకరే మాట్లాడే భాగం మీదా ఉంటాయి. వాటిని రెండుసార్లు వినిపిస్తారు. వినిపించే ముందు ప్రశ్నలు చదువుకోవడానికి ఒక్కోదానికి ఐదు సెకన్లు ఇస్తారు. జవాబులు మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. పేపరు మొదట్లో ఇచ్చే నమూనా ప్రశ్న ఏళ్ళ తరబడి మారలేదు. చొక్కా ధరెంత అని అడుగుతారు, జవాబు 9 పౌండ్ల 15 పెన్సులు. ఆ చొక్కా మీద చైనా పిల్లలు జోకులు వేసుకుంటారు.

చదివే భాగంలో నాలుగు పాసేజీలు ఉంటాయి. వాటిమీద పదిహేను ప్రశ్నలు. ఒకటి మామూలుగా ప్రకటనో, సమాచార పత్రమో. మిగతావి ఒక అనుభవమో, సైన్సు సంగతో, ఒక వాదమో. వీటిలో ఏదీ పాఠ్యపుస్తకంలోది కాదు. పాసేజీలో నేరుగా ఉన్న సంగతిని వెతికే ప్రశ్నలతో పాటు, తెలియని మాటకు సందర్భాన్నిబట్టి అర్థం ఊహించడం, రచయిత ఉద్దేశం పట్టుకోవడం, తగిన శీర్షిక ఎంచడం లాంటివీ అడుగుతారు. ఇవి కాక ఇంకొక తమాషా ప్రశ్న ఉంది. ఒక పాసేజీలో ఐదు వాక్యాలు తీసేసి, కింద ఏడు వాక్యాలు ఇస్తారు. ఏది ఎక్కడ పడుతుందో చెప్పాలి. రెండు మిగిలిపోతాయి. ముందు వాక్యానికీ వెనక వాక్యానికీ ఉన్న లంకె తెలియనివాడు బట్టీతో ఈ ప్రశ్న దాటలేడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. విన్నది అర్థమైందా, చదివినది అర్థమైందా అన్నదాన్ని, ఇంగ్లిషులో రాయగలడా అన్నదానితో కలపలేదు. రెండింటినీ వేరువేరుగా కొలిచారు. మన తరగతుల్లో పాసేజీ కింద ప్రశ్నకు పూర్తి వాక్యంలో జవాబు రాయమంటాం. పిల్ల పాసేజీని బాగానే అర్థం చేసుకుని, వాక్యం కట్టలేక మార్కు పోగొట్టుకుంటుంది. ఇంకో పిల్లాడు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా ప్రశ్నలో ఉన్న మాటను పాసేజీలో వెతికి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాసి మార్కు తెచ్చుకుంటాడు. ఏ పిల్లకు ఏది రాదో ఆ మార్కు మనకు చెప్పదు.

పరీక్ష బాగున్నా బోధన మారిందా?

ఇంతవరకు చదివి చైనాను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. పదేళ్ళకు పైగా ఆగిపోయిన ఈ ప్రవేశ పరీక్షను చైనా 1977లో తిరిగి మొదలుపెట్టింది. 1980లలో గుయ్ షిచున్, లీ షియావ్‌జూ వంటి ఆచార్యులు ఇంగ్లిషు పేపరు స్వరూపాన్ని మార్చడానికి పూనుకున్నారు. 1985లో గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సులో కొత్త తరహా పరీక్షను ప్రయోగించారు. వ్యాకరణం వల్లెవేసే తరగతిని మార్చాలంటే ముందు పరీక్షను మార్చాలన్నది వాళ్ళ ఆలోచన. పరీక్షలో భాష వాడకం అడిగితే, తరగతిలోనూ వాడకమే నేర్పుతారని ఆశించారు.

ఇరవై ఏళ్ళ తర్వాత చీ లూషియా అనే పరిశోధకురాలు ఆ ఆశ ఎంతవరకు నెరవేరిందో పరిశీలించారు. అనుకున్నంత జరగలేదని ఆమె తేల్చారు. పిల్లవాడి బతుకు మొత్తం ఒక్క పరీక్ష మీద ఆధారపడినప్పుడు ఉపాధ్యాయుడు భాష నేర్పడు, ఆ పేపరు నేర్పుతాడు. వినికిడి ఉందంటే పాత పేపర్ల రికార్డింగులు మళ్ళీ మళ్ళీ వేయిస్తాడు. చదవడం ఉందంటే జవాబు కనిపెట్టే ఉపాయాలు చెప్తాడు. వడపోత పరీక్షగానూ, బోధనను బాగుచేసే పనిముట్టుగానూ ఒకే పేపరును వాడబోతే మొదటి పని రెండోదాన్ని మింగేస్తుంది. పరీక్షలో మంచి మార్కులొచ్చినా నోరు తెరవలేని చదువును చైనావాళ్ళే "మూగ ఇంగ్లిషు" అని ఎగతాళి చేస్తారు.

ఆ మూగతనం పోగొట్టడానికే బీజింగ్‌లో 2021 నుంచి 150 మార్కుల్లో 50 కంప్యూటరు మీద జరిగే వినికిడి, మాట్లాడే పరీక్షకు కేటాయించారు. వినడానికి 30, మాట్లాడటానికి 20. దాన్ని ఏడాదిలో రెండుసార్లు రాయవచ్చు, ఎక్కువ వచ్చిన మార్కునే లెక్కలోకి తీసుకుంటారు. మంచి మార్పే. కానీ అది బీజింగ్. ప్రతి బడికీ కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లు ఉన్న చోటు.

కొండ ఊళ్ళ సంగతో? కొన్ని ప్రావిన్సుల్లో కొన్నేళ్ళపాటు వినికిడి భాగం మార్కులను మొత్తంలో కలపనేలేదు. మిగతా భాగాల మార్కులనే 150కి లెక్కగట్టేవారు. పల్లె బడుల్లో సరైన స్పీకర్లు, వినిపించగల ఉపాధ్యాయులు లేనప్పుడు ఆ 30 మార్కులు పిల్లవాడి ఇంగ్లిషును కాక వాళ్ళ ఊరిని కొలుస్తాయి. అయితే మార్కులు తీసేస్తే అన్యాయం తప్పుతుంది గానీ, ఆ బడుల్లో వినిపించడం కూడా ఆగిపోతుంది. ఈ చిక్కుముడిని చైనా కూడా పూర్తిగా విప్పలేదు.

ఇంకో గుణపాఠం జెజియాంగ్ ప్రావిన్సుది. 2018 నవంబరులో అక్కడ ఇంగ్లిషు పేపరు అంతకుముందు ఏడాదికన్నా కష్టంగా వచ్చింది. రెండేళ్ళ మార్కులు సరితూగాలని అధికారులు చదివే భాగంలో కొన్ని ప్రశ్నలకూ, రాత భాగంలో ఒకదానికీ బరువు మార్చి మార్కులు వేశారు. ఆ సంగతి ముందుగా ఎవరికీ చెప్పలేదు. తల్లిదండ్రులు గోల పెట్టారు. ప్రావిన్సు ప్రభుత్వం విచారణ జరిపి డిసెంబరులో ఆ నిర్ణయాన్ని రద్దుచేసి అసలు మార్కులనే ఇచ్చింది. మార్కులు ఎలా వేస్తారో ముందే అందరికీ తెలియకపోతే, లెక్క సరైనదైనా నమ్మకం నిలవదు.

మన పోలిక ఎవరితో?

చైనా పిల్లల్ని చూపించి "సొంత భాషలో చదివినా ఇంగ్లిషు వస్తుంది" అనడం సగం నిజమే. బీజింగ్ పిల్లవాడి ఇంటి భాష, బడి భాష, ప్రభుత్వ భాష ఒకటే. ఇంగ్లిషు అతనికి రెండో భాష. మన పిల్లలతో నిజంగా పోల్చవలసింది ఆ దేశంలోని టిబెటన్, ఉయ్‌గుర్, మంగోల్, కొరియన్ పిల్లల్ని. వాళ్ళకు ఇంటి భాష ఒకటి, దేశ భాష రెండోది, ఇంగ్లిషు మూడోది. 2020లో ఇన్నర్ మంగోలియాలో భాషాపాఠం, రాజకీయ పాఠం, చరిత్ర మంగోలు భాషనుంచి చైనీసులోకి మార్చినప్పుడు ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపడం మానేశారు. సొంత భాషలో చదువుకునే సుఖం అక్కడి అల్పసంఖ్యాకులకు అంత తేలిగ్గా దక్కడం లేదు.

మన సంగతి అంతకంటే మెరుగు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించమంటుంది. అలాగని బరువు లేదని కాదు. తమిళనాడులో 2006 చట్టం తమిళాన్నీ, కర్ణాటకలో 2015 చట్టం కన్నడాన్నీ, మహారాష్ట్రలో 2020 చట్టం మరాఠీనీ బడిలో తప్పనిసరి చేశాయి. తెలుగు, రాష్ట్ర భాష, ఇంగ్లిషు, ఈ మూడూ మోసే పిల్లకు ఇంగ్లిషు పీరియడు గంటలు పెరగవు. ఉన్న గంటనే సరిగా వాడుకోవాలి.

మా తరగతుల్లో రోజూ కనిపించే సంగతి ఒకటి చెప్తాం. మన పిల్లలకు రాష్ట్ర భాష ముందు చెవిన పడుతుంది. సంతలో, బస్సులో, ఆటల్లో విని విని అర్థమయ్యాక అక్షరాలు వస్తాయి. ఇంగ్లిషు మాత్రం తలకిందులుగా వస్తుంది. ముందు అక్షరాలు, తర్వాత స్పెల్లింగులు, ఆ తర్వాత ప్రశ్నలూ జవాబులూ. చెవికి వంతు రానేరాదు. కాబట్టి మూడు భాషలు మన పిల్లలకు భారం మాత్రమే కాదు. చెవితో భాష పట్టుకోవడం వాళ్ళకు ఇప్పటికే తెలుసు. ఆ తెలివిని ఇంగ్లిషు పీరియడులోకి రానివ్వడమే మనం చేయాల్సింది.

రేపటినుంచే చేయగలిగినవి

తోటి ఉపాధ్యాయులకు: రోజుకు ఐదు నిమిషాలు చెవికి ఇవ్వండి. పాఠంలో లేని నాలుగైదు వాక్యాలు ఎంచుకోండి. ముందు బోర్డు మీద రెండు ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు జవాబులు రాయండి. ఆ తర్వాత చదవండి, రెండుసార్లకు మించొద్దు. కంప్యూటరు అక్కర్లేదు, మీ గొంతు చాలు. పై తరగతులకు ఆకాశవాణి ఇంగ్లిషు వార్తల్లోంచి ఒక ముక్కను ఫోనులో వినిపించవచ్చు. డిక్టేషన్ ఉందిగా అనవచ్చు. డిక్టేషన్ స్పెల్లింగును కొలుస్తుంది. అర్థాన్ని కాదు.

చదివే భాగానికి ఏడు వాక్యాల్లో ఐదు ఎంచే ప్రశ్నను మొదట తెలుగులోనే ఆడించండి. దినపత్రికలో ఒక చిన్న వార్త చాలు. వాక్యానికీ వాక్యానికీ లంకె చూడటం తెలుగులో అలవాటైతే ఇంగ్లిషులో వెతకడం తేలికవుతుంది. అలాగే కింది తరగతుల్లో ఇంగ్లిషు పాసేజీ మీద తెలుగులో జవాబు చెప్పనివ్వండి. అర్థమైందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. ఇంగ్లిషులో రాయడాన్ని వేరే రోజు, వేరే మార్కులకు అడగండి.

బడి కమిటీల్లో ఉన్న పెద్దలకు: మన రాష్ట్రాల బోర్డులు రేపు పబ్లిక్ పరీక్షలో వినికిడికి మార్కులు పెడతామంటే వద్దనకండి. కానీ మూడు షరతులు అడగండి. ప్రతి బడికీ స్పీకరు ముందు రావాలి. మార్కులు లెక్కలోకి రావడానికి ముందు కనీసం రెండేళ్ళు ఉత్త అలవాటు కోసమే పరీక్ష జరగాలి. మార్కులు వేసే పద్ధతి ముందే అచ్చులో ఉండాలి.

తల్లిదండ్రులకు: ప్రోగ్రెస్ కార్డులో ఇంగ్లిషు మార్కు చూసి ఊరుకోకండి, భయపడనూ వద్దు. పిల్లలు ఎన్నడూ చూడని ఇంగ్లిషు పేజీ ఒకటి ఇచ్చి, ఇందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. మీకు ఇంగ్లిషు రాకపోయినా, చెప్పే తీరులోనే తెలిసిపోతుంది. చెప్పలేకపోతే, బడి మార్చడానికి ముందు మా దగ్గరికి వచ్చి ఒక్క మాట అడగండి: "ఇంగ్లిషు పీరియడులో మా పిల్ల ఈ వారం ఏం వింది, పుస్తకంలో లేనిది ఏం చదివింది?" ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోవలసింది మేమే.