మోకాలి దెబ్బతో ఆట ముగిసిపోదు

మీ అబ్బాయి సంక్రాంతి పోటీల్లో కూతకెళ్లి, మోకాలు మెలితిరిగి పడ్డాడనుకోండి. లోపల ‘టప్’మన్నట్టు అనిపించింది. గంటల్లోనే వాచింది. ఎక్స్‌రే తీస్తే ఎముకలు బాగున్నాయన్నారు. అక్కడితో ఊరుకోకండి. తొడ ఎముకనూ కాలి ఎముకనూ లోపల పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ ఎక్స్‌రేలో కనిపించదు. అది తెగినప్పుడు ఎక్కువగా కనిపించే లక్షణాలు ఇవే.

మార్కాపురం, గిద్దలూరు వైపు ఆ తర్వాత రెండు రకాలుగా జరుగుతుంటుంది. కొందరు కట్టు కట్టించి, వాపు తగ్గగానే మళ్లీ బరిలోకి పంపుతారు. ఇంకొందరు ‘ఇక ఆటలు చాలు, చదువుకో’ అంటారు. రెండూ పొరపాటేనని నా అభిప్రాయం.

అప్పటి మన ప్రకాశం జిల్లాలోని నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో, పుణెలో జరిగిన జాతీయ క్రీడల్లో ఈ లిగమెంటే తెగింది. ఆపరేషన్లు, వ్యాయామాల తర్వాత 1996 నుంచి వరుసగా ఐదేళ్లు జాతీయ చాంపియన్ అయ్యారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ఎవరికి విసరాలో నిర్ణయించి జట్టును నడిపే ఆటగాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆ స్థానంలో ఆడే టామ్ బ్రేడీకి 2008 సీజన్ తొలి మ్యాచ్‌లోనే ఏసీఎల్ తెగింది. ఆ సీజనంతా ఆడలేదు. తిరిగొచ్చి మరో నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచి, 2023లో 45 ఏళ్ల వయసులో రిటైరయ్యారు.

‘వాళ్లకు డబ్బుంది డాక్టరుగారూ’ అంటారు మీరు. నిజమే. కానీ ఎంత డబ్బున్నా ఆపరేషన్‌లో అమర్చిన లిగమెంట్ కుదురుకోవడానికి నెలలు పట్టాల్సిందే. మళ్లీ ఆడాలంటే సాధారణంగా కనీసం 9 నెలలు ఆగాలి. తొందరపడితే, ముఖ్యంగా కుర్రాళ్లలో, మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. అసలు వైద్యమే చేయించకుండా పట్టు తప్పే మోకాలితో ఆడితే లోపలి మెత్తటి పొరలు చిరుగుతాయి, చిన్న వయసులోనే కీళ్ల అరుగుదల మొదలవుతుంది.

దెబ్బ తగలగానే ఆట ఆపించండి. ఐస్ గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి, కాలు ఎత్తులో ఉంచండి. మర్దన చేయించకండి. కొద్ది రోజుల్లోనే ఎముకల డాక్టరుకు చూపించండి. అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామం మాత్రం అందరికీ తప్పదు. ఆపరేషన్ ఒంగోలులో చేయించినా, గుంటూరులో చేయించినా, నెలల తరబడి ఆ వ్యాయామం చేయాల్సింది మన ఊళ్లోనే. కాబట్టి ఫిజియోథెరపీ మన ఊళ్లలో అందాలని గట్టిగా అడుగుదాం. పోటీలు పెట్టే పెద్దలు కప్పులకు, షామియానాలకు చందాలు పోగుచేసినట్టే ఐస్ పెట్టెకూ, ఆసుపత్రికి వెళ్లే ఆటోకూ కాస్త తీసిపెట్టాలి.