పండితులు తగువులాడితే శాస్త్రం అబద్ధమా?

ఈమధ్య ఉధ్నాలో, మా తెలుగు నేతకార్మికుల బస్తీలో టీ తాగుతూ ఒక హేతువాద మిత్రుడు తేల్చేశాడు: “ఆర్థికశాస్త్రం శాస్త్రమేంటండీ! ఇద్దరు పండితులు రెండు మాటలు చెప్తారు. జ్యోతిషం కంటే ఏం మెరుగు?” అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన చూపిన ఉదాహరణ నోట్ల రద్దు. 2016 నవంబర్ 8 రాత్రి, చలామణిలో ఉన్న నగదు విలువలో 86 శాతం చెల్లకుండా పోయింది. జగదీశ్ భగవతి సమర్థించారు. అమర్త్య సేన్ వ్యతిరేకించారు. ఇద్దరూ ఉద్దండులే. అయితే ఏమిటట?

ఖండాలు కదులుతాయా లేదా అని భూగర్భ శాస్త్రజ్ఞులు 1912 నుంచి దాదాపు యాభై ఏళ్లు వాదించుకున్నారు. అది జ్యోతిషమైపోయిందా? ఏం జరిగితే తన మాట తప్పని ఒప్పుకుంటాడో జ్యోతిష్కుడు ఎప్పుడూ చెప్పడు. అసలు తేడా అక్కడుంది.

నల్లడబ్బు దాచినవాళ్లు నోట్లు బ్యాంకుకు తేలేరన్నారు. ఇది పరీక్షకు నిలబెట్టగల మాట. 2018 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ లెక్క చెప్పింది: 99.3 శాతం తిరిగొచ్చాయి. ఈలోపే లక్ష్యం ‘నగదు రహితం’గా మారిపోయింది. జాతకం తప్పితే గ్రహాన్ని మార్చినట్టు!

మనవైపు వాళ్లనూ వదలొద్దు. జీడీపీ 2 శాతం పడిపోవచ్చని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో అన్నారు. ఆ ఏడాది వృద్ధి 8.3 శాతమని ప్రభుత్వం తర్వాత సవరించి చెప్పింది. మరి సాంచాల ఖాతాల్లాంటి చిన్న పనులను ఆ లెక్కలు చాలావరకు నేరుగా కొలవలేదు, పెద్ద కంపెనీల తీరునుబట్టి అంచనా కట్టాయి. అందుకే గీతా గోపీనాథ్, మరో ముగ్గురు వేరే దారి పట్టారు. కొత్త నోట్లు ఎక్కువ అందిన జిల్లాలను, తక్కువ అందిన జిల్లాలను ఉపగ్రహాలకు కనిపించే రాత్రి వెలుగులతో సహా పోల్చారు. ఆ త్రైమాసికంలో వృద్ధి కనీసం 2 శాతం పాయింట్లు తగ్గిందనీ, కొన్ని నెలల్లో దెబ్బ సర్దుకుందనీ తేలింది. ‘నష్టమే లేదు’ అన్నవాళ్లకూ, ‘సర్వనాశనం’ అన్నవాళ్లకూ ఇది చేదే. మిత్రమా, ఏ పంచాంగం ఇలా రెండు పక్షాలనూ ఇరుకున పెట్టింది?

ఆ నవంబరులో మా గల్లీలో కొందరికి పగారు పాత నోట్లలోనే ఇచ్చారు. మార్చుకోవడానికి వరసలో నిలబడితే ఆ రోజు కూలి పోయింది. ‘పండితులకే పడలేదు’ అని మనం చేతులు దులుపుకుంటే ఎవరికి లాభం? లెక్క చెప్పక్కర్లేని పాలకుడికి.

ఈసారి ఎవరైనా అద్భుతం జరుగుతుందంటే బాబాను అడిగినట్టే అడగండి: ఎంత? ఎప్పటికి? జరక్కపోతే తప్పని ఒప్పుకుంటారా?