పూజకూ వద్దు, తుక్కుకూ వద్దు

పాత కుట్టుమిషన్ల విషయంలో మన బరంపురం తెలుగువాళ్ళు రెండు రకాలు. ఒకరు కిలోల లెక్కన తూచి తుక్కువాడికి ఇచ్చేస్తారు. రెండోవారు మిషను తలకాయ ఊడదీసి పారేసి, ఇనుపకాళ్ళ మీద గాజుపలకో గ్రానైటు బండో వేయించి, ముందుగదిలో పూలకుండీ పెట్టుకుంటారు. మొదటివారిని చూస్తే నాకు జాలి. ఇంట్లో అవసరం అలాంటిది, నాలుగు డబ్బులు వస్తాయని ఇచ్చారు. రెండోవారిని చూస్తే మాత్రం కోపం. డబ్బుంది, చదువుంది, పాతవాటి మీద ప్రేమ ఉందని చెప్పుకుంటారు. ఆ ప్రేమతోనే ప్రాణం తీస్తారు.

నేను దర్జీని కాను. బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కానీ ముప్పయ్యేళ్ళుగా పాత మిషన్లు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ నడిపించడం నాకు అలవాటు. పెద్దబజారు నుంచి పాత బరంపురం దాకా, అటు ఛత్రపురం, ఆస్కా, ఇటు ఇచ్ఛాపురం దాకా ఎవరింట మూలపడ్డ మిషను ఉందన్నా వెళ్ళి చూస్తాను. అంచేత ఈ మాటలు పుస్తకాలు చదివి చెబుతున్నవి కావు. చేతికి నూనె అంటించుకుని చెబుతున్నవి.

ముందు అసలు అదేమిటో తెలుసుకుందాం. సింగర్ అనే అమెరికావాడు తన కుట్టుమిషనుకు పేటెంటు తీసుకున్నది 1851లో. వాయిదాల మీద డబ్బు కట్టించుకుని బీదసాదల ఇళ్ళకు కూడా మిషను చేర్చిన కంపెనీ అది. స్కాట్లండులో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్ళో 1885లో మొదలైన వాళ్ళ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. ఫ్యాక్టరీ పోయింది, అక్కడ పోతపోసిన మిషన్లు ఇంకా మన పేటల్లో కుడుతున్నాయి. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, అంటే 1936 ఏప్రిల్ 1కి ముందే, వచ్చిన మిషన్లు కొన్ని నా చేతి మీదుగా వెళ్ళాయి. రాష్ట్రం మారింది, పాలకులు మారారు, ఆఫీసు కాగితాల భాష మారింది. మిషను మాత్రం తన కుట్టు మార్చుకోలేదు. తర్వాత 1930ల నడుమ కలకత్తాలో ఉషా మిషను పుట్టింది. మన అమ్మలకు పెళ్ళిలో సారెగా వచ్చింది ఎక్కువగా అదే. యంత్రాలంటే పడని గాంధీగారు కూడా 1924లో తన అభిప్రాయం వివరిస్తూ సింగర్ మిషనును మినహాయించారు. మనిషి పొట్ట కొట్టకుండా మనిషి శ్రమ తగ్గించే యంత్రానికి ఉదాహరణగా దాన్నే చూపించారు.

"అది పాడైపోయిందండీ, తిరగదు" అంటారు. చూడగా నాకు తెలిసిందేమంటే, తిరగని మిషన్లలో ఎక్కువ భాగం పాడైనవి కావు. బిగుసుకున్నవి. కుట్టుమిషను నూనె లేక కొబ్బరినూనో ఆముదమో పోస్తారు. అది ఏళ్ళ తరబడి ఎండి జిగురులా పట్టేస్తుంది. చక్రం బలవంతంగా తిప్పకూడదు. నూనె చుక్క వేసే ప్రతి రంధ్రంలోనూ కాస్త కిరసనాయిలు పోసి, ఒకటి రెండు రోజులు ఓపిక పట్టి, అటూ ఇటూ మెల్లగా కదపాలి. కదిలాక పాత జిడ్డంతా తుడిచి, అసలు మిషను నూనె వేయాలి. బాబిను దగ్గర పేరుకున్న దూది తీయాలి. తోలు బెల్టు సాగిపోతే కత్తిరించి కొక్కెం బిగించాలి. పైకి మెరుగు కోసం స్పిరిట్ పెట్టి రుద్దితే నల్లరంగు మీది వార్నీషూ బంగారు పువ్వులూ కలిసి ఊడివస్తాయి. మెత్తటి గుడ్డ, రెండు చుక్కల నూనె చాలు. కొత్త రంగు వేయించకండి. చేతులు ఆనించి ఆనించి అరిగిన చోటు ఆ మిషను చేసిన కొలువుకు గుర్తు.

విడిభాగాలు దొరకవంటారు. ఇదీ సగం మాటే. మన దేశంలో తయారైన నల్ల మిషన్లలో చాలా భాగం సింగర్ పదిహేనో తరగతి నమూనాకు నకళ్ళే. అందుకే బాబిను, బాబిను కేసు, సూది ఇవాళ్టికీ బజార్లో దొరుకుతాయి. లూథియానా చేసి పంపుతూనే ఉంది. పడవలాంటి పొడుగు షటిలున్న మరీ పాతవాటికి కొంచెం వెతుక్కోవాలి, నిజమే. 2022లో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు మీద ఒక సంఘం వేసింది. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు కోసం ఈనాడు సంఘాలు వేసుకోవలసి వచ్చింది. మన అమ్మమ్మల మిషను ఆ హక్కును పుట్టుకతోనే తెచ్చుకుంది. ఒక్క స్క్రూడ్రైవరుంటే అంతా విప్పవచ్చు.

ఇక పట్టు సంగతి. మన ఊరి పట్టుకు, ఆ కుంభం అంచుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం గర్వపడ్డాం. మంచిదే. ఆ పట్టుచీరలోంచి తీసిన జాకెట్టుగుడ్డ ఏ మిషను మీద బాగా కుదురుతుందో ఎవరైనా ఆలోచించారా? కొత్త జిగ్‌జాగ్ మిషనులో సూది అటూ ఇటూ ఊగాలి కనుక కింది రేకులో రంధ్రం వెడల్పుగా ఉంటుంది. పలచని బట్ట అందులోకి దిగి ముడతపడుతుంది. పాత మిషనుకు సూది పట్టేంత ఒక్కటే చిన్న రంధ్రం. పదకొండో నంబరు సూది వేసి, దారం బిగువు కాస్త తగ్గించి కుట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత మన జిల్లాలో కరెంటు లేకుండా ఎన్ని రోజులు గడిచాయో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మోటారు మిషన్లన్నీ మూగపోయాయి. కాలితో తొక్కేవి నడిచాయి. 2020లో సూరత్ మగ్గాలు ఆగిపోయి మన గంజాం కుర్రాళ్ళు లక్షల్లో ఇళ్ళు చేరుకున్నప్పుడు, ఈ రాష్ట్రంలో స్వయం సహాయక బృందాల ఆడవాళ్ళు లక్షల కొద్దీ మాస్కులు కుట్టారు. మా వీధిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు అటక మీది ఉషా దింపించి, నా చేత బాగుచేయించి, నాలుగు నెలలు ఆ సంపాదన మీదే ఇల్లు నెట్టుకొచ్చారు. అదే మిషను కాళ్ళ మీద గాజుపలక ఉండి ఉంటే?

ప్రభుత్వాల వరస వేరు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు చేర్చారు. దర్జీ ఉన్నాడు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉంది. సంతోషం. కానీ ఆ 18లో కుట్టుమిషను బాగుచేసే మెకానిక్కు చోటు లేదు. కొత్తది కొనడం అభివృద్ధి, ఉన్నది నడిపించడం లేమి అన్న ఆలోచన పైనుంచి కింది దాకా పట్టుకుంది. మాకు దగ్గరి ఒక శిక్షణ కేంద్రంలో చిన్న లోపంతో ఆగిన పాత మిషన్లు వరండాలో తుప్పు పట్టాయి. నేను ఉచితంగా బాగుచేసి ఇస్తానని రెండుసార్లు అర్జీ పెట్టాను. జవాబు రాలేదు, వేలం మాత్రం జరిగింది.

నా మాట అతిగా వెళ్ళకూడదు. రోజుకు వందల చొక్కాలు కుట్టే కార్ఖానాకు నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేసే మిషనే కావాలి. పీకోకి జిగ్‌జాగ్ ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్న ఆడమనిషిని తొక్కుతూనే ఉండమనడానికి నేనెవర్ని? పాత మిషనుకే చిన్న మోటారు బిగించవచ్చు, కరెంటు పోయిననాడు విప్పి మళ్ళీ బెల్టు వేసుకోవచ్చు. కొత్తది వద్దని నేననను. పనిచేసేదాన్ని చంపవద్దంటాను.

పాతది విలువైనదని నమ్మించే మోసాలకూ కొదవ లేదు. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ మిషన్లలో ఎర్ర పాదరసం ఉందని పుకారు పుట్టి, జనం వేలం వెర్రిగా ఎగబడి కొన్నారు. అందులో ఏ పాదరసమూ లేదు. లండన్లో ఒక బట్టల కంపెనీ తన దుకాణాల అద్దాల వెనక పాత మిషన్లు వరసలుగా పేర్చి అలంకారం చేసుకుంది. అదే దేశంలో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అనే సంస్థ పాత పనిముట్లను, కుట్టుమిషన్లను బాగుచేసి ఆఫ్రికాలో పనివాళ్ళకు పంపింది. ఒక్క దేశమే, రెండు దారులు. మనం ఏ దారి పట్టాలి?

సాహిత్య పత్రికలో ఈ ఇనుప గోల ఏమిటని కొందరు అడుగుతారని తెలుసు. ఇక్కడి తెలుగుకూ ఇదే జరుగుతోంది గనుక రాస్తున్నాను. సగంమంది పిల్లలకు అక్కర్లేదని వదిలేశారు. మిగతా సగం ఉగాదికి శాలువా కప్పి, పద్యం పాడించి, మళ్ళీ మూలన పెడతారు. మన పేటలో తెలుగు బతికి ఉన్నది సభల్లో కాదు, మెకానిక్ బల్ల దగ్గర. అక్కడ కుర్రాడు "సిలేయి మెసిన్" అని ఒడియాలో బేరమాడి, తల తిప్పి "మావా, పళ్ళు అరిగిపోయాయి, గుడ్డ జరగట్లేదు" అని తెలుగులో చెబుతాడు. ఆ బల్ల మూతపడిన రోజున ఆ మాటలు ఏ నిఘంటువులోనూ దొరకవు. ఇంతవరకూ ఎవరూ రాసిపెట్టలేదు.

కనుక నా అడుగుడు మూడే. మన తెలుగు సంఘాల హాళ్ళలో నెలకొక ఆదివారం మరమ్మతు బల్ల వేయండి. నేను వస్తాను, నా పనిముట్లు తెస్తాను. పథకాల డబ్బు మరమ్మతుకూ వర్తింపజేయమని మన ప్రతినిధులను అడగండి. ఊళ్ళో మిగిలిన ముసలి మెకానిక్కుల దగ్గర ఒక్కొక్క కుర్రాణ్ణి కూర్చోబెట్టి, పనితోపాటు మాటలూ రాయించండి.

విశ్వకర్మ పూజకు మిషనుకు బొట్టు పెట్టండి, కాదనను. మర్నాడు దాని మీద ఒక గలేబైనా కుట్టండి.