పెరటి పందిరికి రేకులెందుకు?

హైదరాబాద్ శివారు విల్లాల్లోనూ, విశాఖలో మధురవాడ వైపు లేస్తున్న కొత్త ఇళ్లలోనూ ఇప్పుడు పెరట్లో పెర్గోలా లేకపోతే ఏదో వెలితి. నాలుగు స్తంభాలు, పైన దూలాలు, వాటి మీద వరసగా పట్టెలు, కింద ఓ ఊయల. గృహప్రవేశం ఫొటోల్లో ముచ్చటగానే ఉంటుంది. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు రాలగానే కుర్చీలు ఇంట్లోకి చేరతాయి. ఆ వారంలోనే వెల్డింగ్ మేస్త్రీకి ఫోన్ వెళ్తుంది: “పైన ఏదైనా షీటు వేసెయ్యి.”

తంటా అంతా ఆ షీటుతోనే. పట్టెల పందిరి మీద రేకు పడిన క్షణం అది మరో కట్టడమైపోతుంది. దానికి కావాల్సిన పునాది వేరు, వాలు వేరు, బిగింపు వేరు. అందుకే వానలు దండిగా పడే ఊళ్లో పెర్గోలా తలపెట్టినవాళ్లు మేస్త్రీని పిలవకముందే తేల్చుకోవాలి, కావాల్సింది ఎండకు నీడా, వానకు కప్పా అని. రెండూ అవే స్తంభాల మీద, అదే ఖర్చులో కావాలంటే రెండూ చెడతాయి.

పెర్గోలాది మధ్యధరా తీరపు పుట్టుక. పాంపేలో తవ్వి తీసిన ఇళ్ల తోటల్లో ద్రాక్ష పందిళ్ల కింద భోజనానికి కట్టుకున్న అరుగులు బయటపడ్డాయి. అక్కడ వేసవిలో వాన అరుదు. పడేదంతా చలికాలంలో పడుతుంది, అప్పుడు బయట కూర్చునేవారెవరు? ద్రాక్ష ఆకు కూడా చలికి రాలిపోయి, ఎండ కావాల్సిన రోజుల్లో ఎండను వదిలిపెడుతుంది. మన దగ్గర ఆ క్రమమే లేదు. జూన్ నుంచి నైరుతి, కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో తుపానులు. ఉక్కపోతా వానా కలిసే వస్తాయి.

గాలి సంగతి ముందు చూడాలి, ఎందుకంటే ఎవరూ చూడనిది అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పే చెదిరిపోయింది. కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకూ విజయవాడకూ పెట్టిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు. గంటల్లోకి మారిస్తే ఆ 180 కిలోమీటర్లే. హైదరాబాద్‌కు 44 మీటర్లు.

50 మీటర్ల వేగం దగ్గర గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న కప్పు 13 చదరపు మీటర్ల పైమాటే. చుట్టూ గోడలుండవు కాబట్టి గాలి కిందనుంచి దూరి రేకును ఎగదోస్తుంది, పైనుంచి పోయేది లాగుతుంది. ఎత్తునూ వాలునూ పక్కనున్న ఇళ్లనూ బట్టి అంకె మారుతుంది గానీ, మోటు లెక్కన రెండు టన్నుల బలం ఆ కప్పును పెరికేయడానికి చూస్తుంది. దాన్ని బరువుతోనే ఆపాలంటే ఒక్కో స్తంభం కింద రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న కాంక్రీటు దిమ్మ ఉండాలి. ఒక్కోటి అయిదు క్వింటాళ్లకు పైనే తూగుతుంది. పెరళ్లలో జరుగుతున్నదేమిటంటే, టైల్స్ మీద ఇనప ప్లేటు ఆనించి నాలుగు యాంకర్ బోల్టులు బిగించి చేతులు దులుపుకోవడం. పట్టెల సందుల్లోంచి గాలి పోతున్నంతకాలం ఆ బోల్టులు నెట్టుకురావచ్చు. రేకు ఎక్కాక నెట్టుకురాలేవు.

కూరగాయల రైతుకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. రాతి కడీలు పాతి, జీఐ తీగ అల్లి, బీర, కాకర, దొండ పాకించే శాశ్వత పందిళ్లకు రెండు రాష్ట్రాల ఉద్యానశాఖలూ రాయితీలు ఇస్తూ వచ్చాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు సాగిందీ కడీల పందిళ్ల మీదే. గాలి అడ్డులేకుండా దాటిపోతుంది, వాన నేరుగా మట్టిలో దిగుతుంది. పైగా కడీకి చెద పట్టదు, తుప్పు పట్టదు, ఏటేటా రంగు అడగదు. వాన ప్రాంతపు పెరడుకు అంతకన్నా నమ్మకమైన స్తంభం దొరకడం కష్టం. డిజైనర్ల కేటలాగుల్లో మాత్రం అది కనబడదు, పొలం గట్టు గుర్తొస్తుందని కాబోలు.

కర్రే కావాలనుకుంటే మండువా ఇళ్లను చూడాలి. వాటిలో టేకు స్తంభం నేలను తాకదు, రాతి దిమ్మ మీద నిలుస్తుంది. కర్ర ముందుగా పుచ్చేది నేలమట్టం దగ్గరే. తేమ, గాలి రెండూ అక్కడ కలుస్తాయి. స్తంభం అడుగును కాంక్రీటులో పూడ్చేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు గానీ, వాననీరు ఆ గుంతలోనే నిలిచి కర్ర మొదలు తాగుతూ ఉంటుంది. గాల్వనైజ్ చేసిన ఇనప పాదం మీద నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తున నిలిపితే ఆ బెడద తప్పుతుంది. ఇనప గొట్టాలు వాడేవాళ్లు గొట్టం పైనోరు మూయించడం మరవకూడదు, తుప్పు లోపలినుంచి తినేస్తుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట ఉత్త రంగుతో సరిపెట్టుకోవడం డబ్బు తగలేయడమే.

ఇక నీళ్లు. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో 24 గంటల్లో 190 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వానంటే ఒక లీటరు. ఆ పన్నెండడుగుల కప్పు మీద ఆ ఒక్క రోజే దాదాపు 2,500 లీటర్లు. అంత నీరు ఒకే అంచు నుంచి ఎక్కడికి దూకాలి? చాలా పెరళ్లలో ప్రహరీ మూడడుగుల దూరంలో ఉంటుంది. చూరునీళ్లు పక్కింటి గోడ మీద పడటంతో మొదలైన తగవులు ఏ వీధిలో లేవు గనక! పైగా ఇంటి చుట్టూ వదిలిన సెట్‌బ్యాక్ తెరిచి ఉండాల్సిన జాగా. అక్కడ తీగ పందిరి ఉంటే సరే, రేకుల కప్పు వేసేముందు పురపాలక సంఘం టౌన్‌ప్లానింగ్ విభాగంలో అడగడం మంచిది.

మరి రేకు లేకుండా నీడ వస్తుందా? పట్టెలతోనే మాత్రం రాదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆగస్టు తొలివారంలో మళ్లీ అదే. అంచు మీద నిలబెట్టిన పట్టెలు ఏటవాలు ఎండను ఆపగలవు గానీ నడినెత్తి ఎండను యథాతథంగా కిందికి వదిలేస్తాయి. నిప్పులు కురిసే నెలలోనే కేటలాగు పెర్గోలా చేతులెత్తేస్తుందన్నమాట.

దీనికి జవాబు మన వీధుల్లో ఏటా చైత్రంలో కనిపిస్తూనే ఉంది. శ్రీరామనవమికి రాటలు పాతి, తాటాకో కొబ్బరాకో కప్పి చలువ పందిరి వేస్తారు. ఎండలు ఉన్నంతకాలం ఉంటుంది, గాలివానల కాలానికి ఆకు దిగిపోతుంది. కప్పు తీసేయడం కూడా ఆ పందిరి పద్ధతిలో భాగమే. పెర్గోలాకూ అదే నప్పుతుంది. మార్చిలో పట్టెల కింద కొక్కేలకు షేడ్‌నెట్ కట్టాలి, వానలు పట్టగానే విప్పి చుట్టేయాలి. వేసవి గాలిదుమారాలకు ముందు కూడా విప్పే వీలుండేలా బిగించుకోవాలి. పడమటి వైపు ఓ తడిక వేలాడదీస్తే సాయంత్రపు ఎండ కూడా ఆగుతుంది.

తీగల విషయంలో ఆశ కాస్త తగ్గించుకోవాలి. వానల్లో పెట్టిన చిక్కుడు సంక్రాంతి కూరకు దిట్టం, మే నెల నీడకు పనికిరాదు, అప్పటికి అది ఎండిన పుల్ల. ఏడాది పొడవునా నిలిచేవి మాధవీలత, రాధామనోహరం, దొండ. వీటిలో రాధామనోహరాన్ని విచ్చలవిడిగా పెరగనిస్తే వానకు తడిసి బరువెక్కి, గాలికి తెరచాపలా అడ్డం నిలబడుతుంది. తుపానుల నెలలకు ముందే, సెప్టెంబరులో, కత్తెర పడాలి.

వాన చూస్తూ బయట కూర్చోవాలన్న కోరిక తప్పేం కాదు. దానికి ఇంటికి ఆనుకున్న వసారా ఉంది. ఒక పక్క ఇంటి గోడ ఆసరా, మరోపక్క వాలు, చూరు కింద గొట్టం, గొట్టం చివర ఇంకుడుగుంత. పాలీకార్బొనేట్ షీటే వేయాలనుకుంటే అడుగుకు అంగుళం చొప్పున వాలు ఇచ్చి, షీటులోని గాడులు వాలు వెంటే ఉండేలా పరచాలి. అతినీలలోహిత కిరణాలను ఆపే పూత ఉన్న వైపు పైకి ఉండాలి. మూడు మీటర్ల షీటు 40 డిగ్రీల తేడాకు దాదాపు 8 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది, కాబట్టి స్క్రూ రంధ్రాలు వదులుగా వేయించాలి.

పెర్గోలాను ఇంటితో కలిపి అమ్మే బిల్డర్లు బ్రోచర్లో కర్ర రంగు, పాలిష్ పేరు ఘనంగా వేస్తున్నారు. ఏ గాలివేగానికి డిజైన్ చేశారో, పునాది లోతెంతో మాత్రం రాయరు. కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఈ రెండు అంకెలూ కాగితం మీద అడిగి తీసుకోవాలి. తర్వాత రేకు వేసుకోవచ్చా అని కూడా అడిగి, ఇచ్చిన జవాబుకు ఇంజనీరు సంతకం పెట్టించుకోవాలి.