స్తంభం దగ్గరే ఆగిపోవద్దు

ఊరికి కరెంటు వచ్చిన ఎన్నో ఏళ్లకు గానీ మా వాడలకు స్తంభాలు రాలేదు. కరెంటు ఉద్యోగమంటే స్తంభమెక్కే లైన్‌మన్ పనే అనుకునేవాళ్లం. ఆ తీగ ఎటు వెళ్లాలో నిర్ణయించే కుర్చీ ఒకటుందని హాస్టల్‌కు వచ్చాకే తెలిసింది.

ఆ కుర్చీలో కూర్చున్న ఇంజనీరు నార్ల తాతారావు గారు. కృష్ణా జిల్లా కౌతవరం వాసి, రాష్ట్ర విద్యుత్ బోర్డు ఛైర్మన్ అయ్యారు. ఆయన హయాంలోనే 1979లో, ఇబ్రహీంపట్నం దగ్గర విజయవాడ థర్మల్ కేంద్రంలో 210 మెగావాట్ల మొదటి యూనిట్ మొదలైంది. 1983లో పద్మశ్రీ అందుకున్నారు. ఇప్పుడా కేంద్రానికి ఆయన పేరే ఉంది. యంత్రం తెలిసినవాడి చేతికి పాలన వస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"ఏదో ఒక ఉద్యోగం వస్తే చాలు" అంటారు మన ఇళ్లలో. తప్పు లేదు, మన మొదటి జీతం ఇంటిల్లిపాదికీ అన్నం. కానీ చేరిన చోటే రిటైరైతే, ఏ వాడకు చివర కరెంటివ్వాలో మళ్లీ ఇంకొకరే నిర్ణయిస్తారు. అందుకే ఉద్యోగం వచ్చాక కూడా పుస్తకం మూయకూడదు. డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాయాలి, కొత్త టెక్నాలజీ నేర్వాలి.

తమ్ముళ్లారా, స్తంభమెక్కడం గౌరవమే. ఆ స్తంభం ఎక్కడ పాతాలో చెప్పే కుర్చీ కూడా మనదే కావాలి.